గడ్డను పట్టే వల, దాని పాత ప్రత్యర్థి

మెదడు ధమనిలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను లాగడానికి ఇప్పుడు వాడే స్టెంట్ రిట్రీవర్ అసలు ఆ పనికోసం పుట్టలేదు. ధమని గోడ ఉబ్బిన చోట సన్నటి తీగచుట్టలు నింపుతారు కదా, అవి జారి రక్తనాళంలో పడకుండా కాపు కాయడానికి సాలిటేర్ అనే ఈ వలగొట్టాన్ని చేశారు. 2008లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో హాన్స్ హెంకెస్ అనే డాక్టరు దాంతో ఏకంగా గడ్డనే లాగి చూశారు.

పనితీరు ముచ్చటగా ఉంటుంది. గజ్జల్లోని ధమనిలోంచి ఎక్కించిన కాథెటర్ మెడ దాకా వెళ్తుంది. అందులోంచి ఇంకా సన్నటి గొట్టం గడ్డను దూసుకుని అవతలికి దాటుతుంది. మడిచిన వల దాని లోపలే ఉంటుంది. డాక్టరు వలను బయటికి నెట్టరు. దాన్ని కదలనీయకుండా పట్టుకుని, పైనున్న గొట్టాన్ని వెనక్కి జరుపుతారు. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ తీగకు అణిచిపెట్టినా అసలు ఆకారం పోదు. గొట్టం తొలగగానే వల విచ్చుకుంటుంది, దాని కన్నుల్లోకి గడ్డ ఇరుక్కుంటుంది. తొందరపడకుండా కొన్ని నిమిషాలు ఆగడమే ఇక్కడి కిటుకు. ఆ తర్వాత మెడ దగ్గరి కాథెటర్ కొసన బెలూను ఉబ్బించి, రక్తప్రవాహం ఆపి, సిరంజితో పీలుస్తూ వలను లాగేస్తారు. ప్రవాహం ఆపకపోతే తెగిన ముక్కలు మళ్లీ పైకి కొట్టుకుపోవచ్చు.

అంతకుముందు మెర్సీ అనే మెలితీగ ఉండేది. స్విఫ్ట్ పరీక్షలో రెండింటికీ పోటీ పెడితే, ప్రమాదకర రక్తస్రావం లేకుండా నాళం తెరుచుకున్నది వలతో 61 శాతం మందిలో, మెలితీగతో 24 శాతం మందిలో.

వలకు అసలు ప్రత్యర్థి మాత్రం మందు. గడ్డను బిగించి ఉంచే ఫైబ్రిన్ పోగులను కోసే ఎంజైమును శరీరం చేతే తయారు చేయించే ఆల్టెప్లేజ్ 1995 నుంచీ రుజువైన చికిత్స. 2015లో నెదర్లాండ్స్ పరీక్ష మిస్టర్ క్లీన్‌లో, ముందే మందు పడ్డవాళ్లే ఎక్కువమంది ఉన్న రోగుల్లో, వల కూడా వాడితే తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు 19 శాతం నుంచి 33 శాతానికి పెరిగారు. దాంతో వల ఉండగా మందెందుకు, రక్తస్రావం ముప్పెందుకు అన్న వాదం లేచింది.

మందూ వలా కలిపిన చికిత్సను, వల ఒక్కటే వాడిన చికిత్సతో పోల్చిన ఆరు పరీక్షల్లోని 2,313 మంది వివరాలను 2024లో ఒకచోట చేర్చి చూస్తే తీర్పు గడియారం చేతికి వెళ్లింది. పక్షవాతం లక్షణాలు మొదలైన 2 గంటల 20 నిమిషాల లోపు మందు పడితే లాభం, ఆ తర్వాత స్పష్టమైన లాభం కనబడలేదు. గంటసేపు ఎక్కించే ఆల్టెప్లేజ్‌కు బదులు ఒక్క ఇంజెక్షన్‌తో సరిపోయే టెనెక్టెప్లేజ్ వచ్చాక మందు పక్షం మళ్లీ పుంజుకుంది. 2025లో వెలువడిన చైనా పరీక్షలో మందూ వలా కలిపినప్పుడు 53 శాతం, వల ఒక్కటే అయితే 44 శాతం మంది సొంతంగా బతకగలిగారు.

వల వెళ్లలేని చిన్న కొమ్మల మాటేమిటి? స్పెయిన్‌లోని కాటలోనియాలో చేసిన ఒక పరీక్షలో, గడ్డ లాగేశాక అదే కాథెటర్‌లోంచి ఆల్టెప్లేజ్ వదిలితే బాగా కోలుకున్నవాళ్లు 59 శాతం, లేకపోతే 40. ఊరించే లెక్కే గానీ, కోవిడ్ రోజుల్లో పోలిక కోసం ఇచ్చే ఉత్తుత్తి మందు సరఫరా దొరక్క, రోగుల చేరికా మందగించి, ఆ పరీక్ష 121 మందితోనే ఆగింది. తర్వాత చైనాలో ఇదే పద్ధతిలో టెనెక్టెప్లేజ్‌తో ఒకటి, యూరోకైనేజ్ అనే మరో మందుతో ఒకటి చేసిన పెద్ద పరీక్షల్లో గట్టి తేడా తేలలేదు.