గార్గికి జవాబు దొరికింది, రాజమండ్రిలో నీళ్ళు దొరకలేదు

జనకుడి సభలో యాజ్ఞవల్క్యుణ్ణి గార్గి నిలదీసిన ఘట్టం బృహదారణ్యకోపనిషత్తులో ఉంది. ఈ లోకానికి ఆధారమేది, మళ్ళీ దానికి ఆధారమేది అంటూ ఆమె ఒక్కొక్క మెట్టే ఎక్కి అడుగుతూ పోయింది. బ్రహ్మలోకం దాకా వచ్చేసరికి, ఇంకా అడిగావంటే నీ తల రాలిపడుతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించాడు. గార్గి ఊరుకుంది. కాసేపటికి మళ్ళీ లేచింది, సభవారి అనుమతి తీసుకుని మరీ రెండు ప్రశ్నలు వేసింది. ఈసారి జవాబు వచ్చింది. ఉపనిషత్తును కూర్చినవాళ్ళు ఆ బెదిరింపునూ దాచలేదు, ఆమె తిరిగి లేచిన సంగతినీ దాచలేదు.

మన మతంలో ప్రశ్నకు ఎంత స్వేచ్ఛ ఉందో చూడండి అనేవాళ్ళు మొదట గార్గినే తలుచుకుంటారు. వాళ్ళకు సాక్ష్యాల కొదవ లేదు. వేదమే పరమప్రమాణమన్న పూర్వమీమాంసకులు సృష్టికర్తను ఒప్పుకోలేదు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు ‘సర్వదర్శన సంగ్రహం’ రాస్తూ మొదటి అధ్యాయమే చార్వాకులకు ఇచ్చాడు. ఎదుటివాడి వాదం పూర్తిగా చెప్పాకే తన సిద్ధాంతం చెప్పుకోవడం మన పండితులకు అలవాటైన పద్ధతి.

ఇదంతా నిజమే. అయితే సభలో వేసిన ప్రశ్నతో ఎవరి వంటింట్లోనూ ఏమీ మారదు. మార్చే ప్రశ్న వేస్తే ఏమవుతుందో రాజమండ్రికి తెలుసు.

1879లో కందుకూరి వీరేశలింగం పంతులు వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని ఉపన్యసించారు. ఆయన దేవుణ్ణి కాదన్న మనిషి కాదు. బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ అంతకుముందే వాడిన పరాశరస్మృతినే ఆయనా ముందు పెట్టారు. భర్త చనిపోయినా, సన్యసించినా, జాడ తెలియకుండా పోయినా స్త్రీ మరొకరిని పెళ్ళాడవచ్చని అందులో ఉంది. వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చింది. పండితులు ఊరుకుంటారా? కలియుగంలో అది చెల్లదన్నారు. ఆ మాట పెళ్ళి నిశ్చయమై ఇంకా తాళి కట్టని పిల్ల గురించి మాత్రమేనన్నారు. ఉపన్యాసానికి ఉపన్యాసం, రాతకు రాత. అక్కడిదాకా బాగానే ఉంది. ఈ గొడవంతా ఎవరి బతుకు గురించో ఆ పసి వితంతువులను మాత్రం ఏ సభా పిలిచి అడగలేదు.

1881 డిసెంబరు 11న మొదటి పెళ్ళి జరిగింది. దాంతో శ్లోకాల పని అయిపోయి వెలి మొదలైంది. పురోహితులు వెనకాడారు. వంటవాళ్ళు ముఖం చాటేశారు, నీళ్ళు మోసేవాళ్ళు కూడా మానేశారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్ళి బిందెతో తనే నీళ్ళు తెచ్చి, తనే వండిపెట్టింది. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. పెళ్ళిలో భోంచేసినవాళ్ళకు కులంలో చోటు లేకుండా పోయింది, కొందరు ప్రాయశ్చిత్తం చేసుకుని మళ్ళీ కలిశారు. పరాశరుడి శ్లోకానికి ఎవరి అర్థం సరైనదో ఇప్పుడైనా తేల్చవచ్చు. ఆ రోజున ఆ ఊళ్ళో అది ఎవరికీ పట్టలేదు.

మతం ప్రశ్నను ఒప్పుకుంటుందా అని అడిగేవాళ్ళు అందుకే గ్రంథాలు తిరగేయడం కాస్త ఆపి, అడిగినవాడితో ఆ తర్వాత ఎవరు కలిసి భోంచేశారో చూడాలని నా అభిప్రాయం. 2015లో ధార్వాడలో తన ఇంటి గుమ్మంలోనే హత్యకు గురైన ఎం.ఎం. కల్బుర్గి బయటినుంచి వచ్చి రాళ్ళు వేసినవాడేం కాదు. జీవితమంతా లింగాయత శరణుల వచనాలను శోధించిన కన్నడ పండితుడు. లోపలివాడన్న హోదా కూడా ఆయనను కాపాడలేకపోయింది.

ఒప్పుకున్నవాళ్ళూ లేకపోలేదు. గోరా నాస్తికుడు. గాంధీ ప్రార్థన మానని భక్తుడు. గోరా తన కూతురిని దళిత యువకుడికి ఇవ్వాలనుకుంటే, సేవాగ్రాంలో ఆ పెళ్ళి తానే చేయిస్తానన్నారు గాంధీ. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు చెప్పించడానికీ ఒప్పుకున్నారు. ఈలోగా ఆయన హత్య జరిగింది. 1948 మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రాంలోనే అయింది. అందుకోసం గాంధీ రామనామం వదులుకోలేదు, గోరా నాస్తికత్వమూ సడలలేదు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ ధైర్యమంటే నేను గాంధీ పేరే చెబుతాను. గోరాకు ఒప్పించాల్సిన దేవుడు లేడు కదా!

2018 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకుని హైదరాబాద్ జియాగూడలోని రంగనాథస్వామి గుడిలోకి తీసుకెళ్ళారు. అంటరానివాడని దూరం పెట్టిన భక్తుడు తిరుప్పాణాళ్వారును అర్చకుడు లోకసారంగముని గుడిలోకి మోసుకెళ్ళిన కథే అందుకు ఆధారం. సంప్రదాయంలోంచే వెతికి తీసిన జవాబు కాబట్టి దానికి విలువ ఉంది. కానీ రేపు అలాంటి భక్తుడే ఎవరి భుజమూ ఎక్కకుండా నడిచి వచ్చి, ఆగమం నేర్చుకున్నాను, అర్చన నేను చేస్తానంటే ఏ గుడి ఏమంటుంది?