కోత మానాక కనిపించే గడ్డ: అపోహలు – వాస్తవాలు

కాలేయంలో హైడాటిడ్ తిత్తి (బద్దెపురుగు పిల్ల కట్టే నీటి సంచి) తీయించుకుని ఇంటికొచ్చినవాళ్ళకు డాక్టర్ల సలహాల కన్నా చుట్టాల సలహాలే ఎక్కువ. ఒంటిమీద ఏది కనబడినా పథ్యం తప్పారనేస్తారు.

అపోహ: బద్దెపురుగు జబ్బు పందిమాంసం తినేవాళ్ళకే.
వాస్తవం: పందిమాంసంతో వచ్చే పురుగు వేరు. ఈ తిత్తి కట్టేది ఎఖినోకాకస్ అనే బద్దెపురుగు, కొన్ని మిల్లీమీటర్ల పొడవే. ఉండేది కుక్క పేగుల్లో. కుక్క మలంలోని గుడ్లు సరిగ్గా కడగని ఆకుకూరలతో, చేతులతో నోట్లోకి చేరతాయి. శాకాహారులకూ మినహాయింపు లేదు.

అపోహ: కోత మచ్చ కింద గడ్డ కుట్టు ముడే.
వాస్తవం: కావచ్చు. కానీ ఆపరేషనైన నెలలకో ఏళ్ళకో నొప్పి లేకుండా మెల్లగా పెరిగే గడ్డను అలా వదిలేయకూడదు. తిత్తి నీటిలో ఇసుక రేణువుల్లాంటి పిల్ల పురుగు తలలుంటాయి. ఆపరేషన్లో అవి ఒలికి కోత అంచున పడితే అక్కడే కొత్త తిత్తి కట్టగలవు. సర్జన్లు తిత్తి చుట్టూ గాఢమైన ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పరిచేదీ, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పురుగును చంపే అల్బెండజోల్ మాత్రలు వాడించేదీ ఈ భయంతోనే. చీముగడ్డ అనుకుని ఆ గడ్డను పిండినా, సూదితో గుచ్చినా ముప్పే. ముందు అల్ట్రాసౌండ్ తీయించాలి.

అపోహ: పప్పు తిన్నందుకే కుట్టు చీము పట్టి పచ్చగా కారుతోంది.
వాస్తవం: పాపం, పప్పుకేం తెలుసు! తిత్తి పెరుగుతూ పక్కనున్న పైత్యరస నాళానికి చిల్లు పెట్టి ఉండొచ్చు. తిత్తి పోయినా చిల్లు మిగులుతుంది. పైత్యరసం మొదట ఆపరేషన్లో పెట్టిన డ్రెయిన్ గొట్టంలోకి, గొట్టం తీశాక అదే దారిన చర్మం పైకి వస్తుంది. పసుపుగానో ఆకుపచ్చగానో పలచగా ఉంటుంది, చుట్టూ చర్మం ఎర్రబడి మండుతుంది. చాలామందికి దానంతటదే మానుతుంది. మానకపోతే ఎండోస్కోపీతో నాళంలో స్టెంట్ వేస్తారు. కట్టు మార్చేటప్పుడు మరక రంగును ఫోన్లో ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. జ్వరమో, కామెర్లో తోడైతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

అపోహ: దద్దుర్లొస్తే వంకాయ మానేస్తే చాలు.
వాస్తవం: లోపల తిత్తి నీరు ఒలికినా దద్దుర్లొస్తాయి, మందులు పడకా రావచ్చు. వాటితో ఊపిరాడకపోయినా, కళ్ళు తిరిగినా 108కి ఫోన్ చేయాల్సిందే. అల్బెండజోల్ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

అపోహ: కారే పుండు నుంచి ఇంట్లోవాళ్ళకు అంటుకుంటుంది.
వాస్తవం: మనిషి నుంచి మనిషికి రాదు. గుడ్లు పెట్టే పురుగు, తిత్తులున్న మాంసం తిన్న కుక్కలాంటి జంతువుల పేగుల్లోనే పెరుగుతుంది. విడి కంచం, విడి మంచం అక్కర్లేదు. ఆపాల్సింది, తిత్తులున్న గొర్రె కాలేయాన్ని మాంసం కొట్టు వెనక కుక్కలకు విసరడం.