మడ వేరు ఆపేది, పైకి పంపేది

పల్నాడు మిరప, పత్తి చేలలో చల్లిన మందులో కొంత వాననీటితో నాగులేరులోకి, అక్కడినుండి కృష్ణలోకి చేరగలదు. నది మోసిన ఒండ్రులో కొంత హంసలదీవి, నాచుగుంట మడ అడవులలో నిలుస్తుంది. ఈ అడవులు నీటిని శుద్ధి చేస్తాయన్న మాట తరచు వింటాము. అది సగమే నిజం.

అవిసీనియా జాతి మడచెట్టు ఉప్పులో అధికభాగాన్ని వేరులోని కాస్పేరియన్ పట్టీ, సుబెరిన్ పొరల వద్దనే నిలువరిస్తుంది. సేంద్రియ రసాయనాల విషయం వేరు. డీడీటీ వంటి కొవ్వుప్రియ పదార్థాలు బురదలోని సేంద్రియ పదార్థానికి, వేరు పైపొరకు అంటుకొని అక్కడే ఉండిపోతాయి. ఇమిడాక్లోప్రిడ్ వంటివి కణత్వచాన్ని దాటి, బాష్పోత్సేక ప్రవాహంతో దారువు గుండా ఆకులకు చేరగలవు. ఆక్టనాల్-నీటి విభాజన గుణకపు లాగరిథమ్ 1.8 దరిదాపుల్లో ఉన్న రసాయనాలు అత్యధికంగా పైకి వెళతాయని 1982లో బ్రిగ్స్ బృందం బార్లీపై నిరూపించింది. మడచెట్టు నీటిని పొదుపుగా వాడుతుంది. కనుక బార్లీ లెక్కను దీనికి యథాతథంగా అన్వయించరాదు.

ఆకులో విచ్ఛిన్నం కాక మిగిలినది ఆకు రాలినప్పుడు తిరిగి బురదకు, ఆ ఆకును తినే పీతలకు చేరుతుంది. అందుచేత మందును చేనులోనే ఆపాలి: వాలు దిగువన గడ్డి పట్టీ పెంచాలి, వాన సూచన ఉన్న రోజున పిచికారీ మానాలి.