బాలింతకు నలభై రోజులు: ఒంటికే కాదు, మనసుకూ విశ్రాంతి కావాలి



ఇంట్లో బిడ్డ పుట్టగానే అందరి చూపూ ఆ పసికందు మీదికే పోతుంది. చెవిలో అజాన్ వినిపించడం, పేరు పెట్టడం, అఖీఖా ఏర్పాట్లు, వచ్చేపోయే బంధువులతో ఇల్లంతా సందడే. మంచం మీద ఉన్న తల్లిని "తిన్నావా?" అని అడిగేవారు ఉంటారు గాని, "మనసెలా ఉంది?" అని అడిగేవారు తక్కువ. ఆమె కళ్ళు తుడుచుకుంటే "బంగారంలాంటి బిడ్డనిచ్చాడు అల్లాహ్, ఇంకా ఏడుపెందుకు?" అని కసురుతాం. ఈ వారం ఆ తల్లి గురించే తెలుసుకుందాం. కాన్పు తర్వాత ఒళ్ళూ మనసూ ఎలా కోలుకుంటాయి, ఇంటి వైద్యం ఎంతవరకు చాలుతుంది, ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి అన్నవి ప్రతి ఇంట్లో తెలిసి ఉండవలసిన సంగతులు.

నిఫాస్ అంటే వెలి కాదు

కాన్పు తర్వాత వచ్చే రక్తస్రావాన్ని నిఫాస్ అంటారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం దీని గరిష్ఠ గడువు 40 రోజులు. కనిష్ఠానికి హద్దు లేదు. పది, పదిహేను రోజులకే రక్తం పూర్తిగా ఆగిపోతే గుసుల్ చేసి నమాజు మొదలుపెట్టవచ్చు, నలభై నిండే దాకా ఆగనక్కరలేదు. ఈ రోజుల్లో తప్పిన నమాజులు తిరిగి చేయనక్కరలేదు. రమజాన్ ఉపవాసాలు మాత్రం తర్వాత పూర్తి చేయాలి. నలభై దాటినా రక్తం కనిపిస్తుంటే నమాజు సంగతి ఆలిమ్‌ను అడగండి, ఒంటి సంగతి డాక్టరును అడగండి.

నిఫాస్ అన్నది ఆరాధనకు సంబంధించిన వెసులుబాటు. ఆ తల్లిని అంటరానిదాన్ని చేసి చీకటి గదిలో పెట్టమని ధర్మం చెప్పలేదు. హజ్జతుల్ విదా ప్రయాణంలో జుల్ హులైఫా దగ్గర హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) ప్రసవించారు. దైవప్రవక్త (స) ఆమెను వెనక్కి పంపలేదు. స్నానం చేసి, గుడ్డ కట్టుకుని, ఇహ్రామ్ సంకల్పం చేసుకోమన్నారు. పచ్చి బాలింతకు కూడా అందరితో కలిసి నడిచే చోటుందని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఒంటి లోపల జరిగే పని

కాన్పు అయిన వెంటనే గర్భసంచి దాదాపు ఒక కిలో బరువుంటుంది. ఆరు వారాలలో అది నూరు గ్రాముల లోపుకు కుంచించుకుపోతుంది. బిడ్డ పాలు తాగేటప్పుడు పొత్తికడుపులో వచ్చే మెలిక నొప్పి ఆ కుంచించుకునే పనికి గుర్తు. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో, పది రోజులు దాటాక తెల్లగా స్రావం అవుతుంది. రోజురోజుకూ తగ్గుతూ పోవాలి. తగ్గినది మళ్ళీ ఎర్రగా ఎక్కువైతే, దుర్వాసన వస్తే మామూలు అనుకోకండి.

మా యూనానీ లెక్కలో రక్తం పోవడం వల్ల బాలింత మిజాజ్ చల్లదనానికి, పొడితనానికి మొగ్గుతుంది. అందుకే వెచ్చనివి, మెత్తనివి, తేలిగ్గా అరిగేవి పెట్టమంటాం. మన పెద్దలు శొంఠి, వాము, వెల్లుల్లి వాడిందీ ఈ ఆలోచనతోనే.

ఆరు అవసరాలు

మనిషి ఆరోగ్యం ఆరు విషయాల మీద నిలుస్తుందని మా వైద్యం చెబుతుంది. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటాం. షేఖుర్రయీస్ బూ అలీ సీనా (980–1037) అల్ ఖానూన్‌లో వీటిని వివరించారు. బాలింతకు వీటిని ఇలా అన్వయించుకోవాలి.

గాలి: చలిగాలి కొట్టకూడదు, నిజమే. కాని తలుపులు, కిటికీలు అన్నీ బిగించి మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణాంతకం. ఆ విషవాయువుకు వాసన ఉండదు, తల్లీబిడ్డలు నిద్రలోనే పోవచ్చు. సాంబ్రాణి పొగ కూడా పసిబిడ్డ ఊపిరికి మంచిది కాదు.

అన్నపానాలు: పథ్యం పేరుతో కడుపు మాడ్చకండి, నీళ్ళు తగ్గించకండి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్ళు కావాలి. అన్నం, పెసరపప్పు, చోడి అంబలి, ములగాకు, గుడ్డు, చేప, మేక ఎముకల షోర్బా, పాలు, నువ్వులు అన్నీ పెట్టవచ్చు. హజ్రత్ మర్యమ్ (అలై) ప్రసవవేదన సమయంలో తాజా ఖర్జూరాలు తినమని ఆదేశం అందిన సంగతి దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. రోజూ నాలుగైదు ఖర్జూరాలు మంచివే. చక్కెర జబ్బు ఉన్నవారు మాత్రం ఖర్జూరం, బెల్లం, హల్వాల విషయంలో డాక్టరు మాట వినాలి. ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వాడాలి. రెండూ ఒకేసారి వేసుకోకూడదు. షర్బతె ఫౌలాద్ తాగుతున్నాం కదా అని ఆ మాత్రలు మానకండి.

ఒంటి కదలిక, విశ్రాంతి: బరువులు ఎత్తడం, బావి నీళ్ళు తోడడం వద్దు. అలాగని నలభై రోజులూ మంచానికి అతుక్కుపోకూడదు. కదలకుండా పడుకుంటే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మొదటి రోజునుంచే గదిలో మెల్లగా నడవాలి. ఆపరేషన్ అయినవారికి పొట్ట మర్దనా చేయకూడదు, పొట్టకు గుడ్డ బిగించి కట్టకూడదు.

నిద్ర: రాత్రి బిడ్డ నిద్రపోనివ్వదు కనుక పగలు బిడ్డ నిద్రపోయినప్పుడు తల్లీ నిద్రపోవాలి. చూడవచ్చే బంధువులు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు, అదే పెద్ద బహుమతి.

విసర్జన: మలబద్ధకం కుట్లకు శత్రువు. నీళ్ళు, ఆకుకూరలు, నానబెట్టిన అంజీర్ మేలు చేస్తాయి. కుట్లను శుభ్రమైన నీటితో కడిగి పొడిగా ఉంచుకోవాలి.

ఆరవది మనసు కదలిక, మనసు విశ్రాంతి. వెయ్యేళ్ళ కిందటే గాలి, నీరు, తిండితో సమానంగా మనసును లెక్కించారు మా పెద్దలు. మనం మిగతా అయిదూ పాటించి ఈ ఒక్కదాన్ని వదిలేస్తున్నాం.

ఏడుపు ఎప్పుడు మామూలు, ఎప్పుడు జబ్బు?

బూ అలీ సీనా కంటే ముందే అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) ఒంటి ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ కలిపి ఒకే గ్రంథం రాశారు. దుఃఖం రెండు రకాలని ఆయన విడదీశారు. ఒకటి కారణం తెలిసినది. రెండోది కారణం కనపడనిది, ఒంట్లో, రక్తంలో వచ్చిన మార్పు వల్ల పుట్టేది. ఈ రెండోదాన్ని మాటలతో మందలిస్తే పోదు, చికిత్స కావాలి. బాలింత ఏడుపును అర్థం చేసుకోవడానికి ఈ తేడా చాలా ఉపయోగపడుతుంది.

కాన్పు తర్వాత రెండు మూడు రోజుల్లో ఒంట్లోని హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. దానికి నొప్పి, నిద్రలేమి తోడవుతాయి. అందుకే చాలామంది తల్లులకు మూడు నుంచి అయిదో రోజు మధ్య ఊరికే ఏడుపు, చిరాకు, భయం వస్తాయి. ఇది రెండు వారాల లోపు దానంతట అదే తగ్గుతుంది. నిద్ర, మంచి మాట, తోడు ఉంటే చాలు.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే అది జబ్బే. బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోవడం, ఆకలి చచ్చిపోవడం, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోవడం, "నేను మంచి తల్లిని కాను" అన్న మాట పదే పదే రావడం దాని గుర్తులు. ఇది మొదటి నెలలోనే కాదు, ఏడాది లోపు ఎప్పుడైనా రావచ్చు. మన దేశంలో జరిగిన 38 పరిశీలనలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక వ్యాసం వచ్చింది. నూరు మంది బాలింతల్లో సుమారు 22 మందికి ఈ దిగులు జబ్బు ఉందని అందులో తేలింది. అంటే మన మొహల్లాలో అయిదు ఇళ్ళల్లో బిడ్డలు పుడితే ఒక ఇంట్లో ఈ తల్లి ఉండవచ్చు. ఇది ఈమాన్ తక్కువవడం వల్ల వచ్చింది కాదు, పెంపకం లోపం కాదు.

ఇంకొక రకం ఉంది, అరుదు గాని భయంకరం. వెయ్యి మందిలో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. రాత్రింబగళ్ళు నిద్ర లేకుండా తిరగడం, పొంతన లేని మాటలు, ఎవరో పిలుస్తున్నారనడం, ఇంటివారినే అనుమానించడం కనిపిస్తాయి. మన ఇళ్ళల్లో దీన్ని నజర్ అనో, జిన్ పట్టిందనో ఊదించడానికి, తాయత్తు కట్టించడానికి ఊరూరా తిప్పుతారు. దుఆ చేయండి, ఖుర్ఆన్ చదవండి, ఎవరూ కాదనరు. కాని జబ్బుకు చికిత్స చేయించుకోమని చెప్పింది కూడా దైవప్రవక్తే (స). ఆ తల్లిని అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అంతవరకు ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలకూడదు. చావు గురించి మాట్లాడే తల్లి విషయంలోనూ ఇంతే.

ఖమీరా గావ్‌జబాన్ వంటివి గుండె దడకు, మనసు నెమ్మదికి మేము ఇస్తాం. కాని దిగులు జబ్బుకు అదొక్కటే చాలదు. పాలిచ్చే తల్లులకు ఇవ్వదగిన మందులు మనోవైద్యుల దగ్గర ఉన్నాయి. హకీం సలహా లేకుండా బజారులో కుష్తాలు, పేరు తెలియని మాజూన్లు కొని వాడకండి. కుష్తాల్లో లోహాలుంటాయి.

ఇంటివారు చేయవలసింది

అత్తగారికి, అమ్మగారికి ఒక మనవి. ఆడపిల్ల పుట్టిందని నిట్టూర్చకండి. పక్కింటి కోడలితో పోల్చకండి. పాలు చాలడం లేదని పదిమందిలో అనకండి. భర్తకు ఒక మనవి. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో ఇంటివారికి సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. పాలు తాగిన బిడ్డను ఎత్తుకుని త్రేన్పు రప్పించడం, రాత్రి ఒక జాము బిడ్డను చూసుకోవడం మగతనానికి తక్కువ కాదు. రోజుకు ఒకసారి పక్కన కూర్చుని "నీకెలా ఉంది?" అని అడిగి, జవాబు పూర్తిగా వినండి.

మన చికిటి, బరంపురం కుటుంబాల్లో అమ్మాయి అత్తిల్లు ఒడిశాలో, పుట్టిల్లు ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఉండడం మామూలే. పురిటికి ఎక్కడికి వెళ్ళినా తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకెళ్ళి ఆ ఊరి ఆశా కార్యకర్తకు చూపించండి. ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా ఇంటికి వచ్చి చూడాలి. వచ్చినప్పుడు బిడ్డ బరువుతో పాటు తల్లి మనసు సంగతి కూడా చెప్పండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన గుర్తులు

• గంటలో ఒక గుడ్డ పూర్తిగా తడిసేంత రక్తం, పెద్ద గడ్డలు పడడం, కళ్ళు తిరగడం
• చలిజ్వరం, దుర్వాసనతో స్రావం, కుట్ల దగ్గర చీము
• తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు, మూర్ఛ. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా రక్తపోటు పెరగవచ్చు
• ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, ఊపిరాడకపోవడం
• రొమ్ము ఎర్రబడి గట్టిపడి జ్వరం రావడం
• పొంతన లేని మాటలు, తనకు గాని బిడ్డకు గాని హాని చేసుకునే ఆలోచన

102 గాని 108 గాని ఫోన్ చేయండి. చికిటి ఆసుపత్రిలో చూపించి, అవసరమైతే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి వెళ్ళండి. మనసు బాధ ఎవరితో చెప్పుకోవాలో తెలియనప్పుడు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ టెలీ మానస్ ఉచితం, రాత్రింబగళ్ళు పనిచేస్తుంది.

నలభయ్యవ రోజు గుసుల్, కొత్త బట్టలు, విందుతో బాలింతతనం అయిపోయిందని అనుకుంటాం. ఒళ్ళు, మనసు పంచాంగం చూసి కోలుకోవు. కొందరికి రెండు నెలలు, కొందరికి ఆరు నెలలు పడుతుంది. ఆ రోజు విందుకు వచ్చినవారంతా బిడ్డను ముద్దాడి వెళ్ళాక, తల్లి దగ్గర ఒకరు కూర్చోండి. తల్లి కోలుకుంటేనే బిడ్డకు కడుపు నిండుతుంది, ఇంటికి వెలుగు నిలుస్తుంది. మన ఇళ్ళల్లోని తల్లులందరికీ అల్లాహ్ ఆరోగ్యాన్ని, మనశ్శాంతిని ప్రసాదించుగాక. ఆమీన్.