“ఇంటికి తీస్కపోండ్రి” అన్నంక బిడ్డ నొప్పి ఎవలు సూడాలె?

“ఇగ మా చేతుల ఏం లేదు, ఇంటికి తీస్కపోండ్రి.” క్యాన్సర్ ముదిరిన పిల్లల అమ్మానాయినలకు పట్నం దవాఖానల ఇనవడే మాట ఇది. గద్వాలోల్లు రైలెక్కుతరు, వనపర్తి, నాగర్‌కర్నూలోల్లు బస్సెక్కుతరు. నడిరాత్రి బిడ్డ నొప్పికి మెలికలు తిరిగితే ఎవలకు ఫోన్ చెయ్యాలె? చేతిల ఉన్న చీటిల అది రాసి ఉండదు.

రోగం నయం చేసే మందు లేకపోవచ్చు, నొప్పి తగ్గించే మందైతే ఉన్నది. ఈ సేవనే పాలియేటివ్ కేర్ అంటరు. ఆఖరి రోజులల్ల చేసేది అనుకుంటరు గని, కాదు. పిల్లలకు రోగం బయటపడ్డ నాటి నుంచే ఇది మొదలుకావాలె, అసలు వైద్యం ఒకదిక్కు నడుస్తున్నా సరే, ఇంటోల్లకు తోడుండుడు గూడ ఇందుల భాగమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లనే చెప్పింది. ఒక్క క్యాన్సరే కాదు, కండరాలు కరిగిపోయే జబ్బున్న పిల్లలకు గూడ ఇది కావాలె.

మార్ఫిన్ అంటే మనోల్లకు భయం, మత్తుకు అలవాటైతరని. బిడ్డ బరువు సూసి డాక్టర్ రాసిన మోతాదుల ఇస్తే ఆ భయం అక్కర్లేదు. మలబద్ధకం ఐతది, దానికి గూడ మందు మొదటిరోజే అడగాలె. ఒకప్పుడు మార్ఫిన్ తెప్పియ్యాలంటే దవాఖానకు నాలుగైదు లైసెన్సులు కావాల్సి ఉండె. 2014ల చట్టం మార్చినంక గుర్తింపున్న దవాఖానకు ఒక్క అనుమతి సాలు. ఇగ సాకు ఏమున్నది?

హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానల ఈ విభాగం ఉన్నది. జిల్లాలల్ల కేంద్రాలు, ఇంటికొచ్చే ‘ఆలన’ బండ్లు పెట్టిన్రు. మంచిదే. గని పిల్లలను సూసుడు నేర్చిన నర్సు ఉన్నదా? మార్ఫిన్ నిల్వ ఉన్నదా? అమ్రాబాద్ అడవిల చెంచు పెంటల దాంక బండి పోతదా?

ఇల్లు గుల్లయ్యేది మందులకే కాదు, తొవ్వ ఖర్చులకు, పోయిన కూలికి. వైద్యానికి పోయే క్యాన్సర్ పేషెంట్‌కు రైల్ల స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ పూర్తిగ మాఫీ, తోడు పోయేటోల్లకు 75 శాతం తగ్గింపు. దవాఖాన డాక్టర్ సంతకం పెట్టిన ఫారం కావాలె. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల అమ్మకు ఫ్రీ, నాయిన టికెట్ కొనాలె. ఇంటికాడ మిగిలిన పిల్లగాండ్లకు అన్నం ఎవలు పెడుతున్రో, బడికి పోతున్రో లేదో అడిగేటోల్లే ఉండరు.

కేరళల 1993ల కోజికోడ్‌ల ఒక చిన్న సంఘం ఈ పని మొదలువెట్టింది. ఊరోల్లే, కాలేజీ పోరగాండ్లే శిక్షణ తీస్కొని ఇండ్లకు పోయిన్రు. 2008ల ఆ రాష్ట్ర సర్కారు దీనికి విధానమే తెచ్చింది, పంచాయతీలకు బాధ్యత అప్పజెప్పింది. మన తాన ఊరూరికి యువజన సంఘం ఉన్నది, వినాయకుని చందాకు మస్తు తిరుగుతం. మీ ఊర్ల గసోంటి బిడ్డ ఉంటే ముందు ఆశా అక్కను అడుగుండ్రి, ఆమెకు తెల్వకుంటే జిల్లా దవాఖానకు పోండ్రి. జవాబు రాకుంటే సోమవారం ప్రజావాణిల పైన అడిగిన మూడు ప్రశ్నలే దరఖాస్తు రాసియ్యుండ్రి. రసీదు మాత్రం మర్వకుండ్రి.