గాజు పెంకుల సాక్ష్యం

డిటెక్టివ్ నవల అనగానే మన విమర్శకులు కాలక్షేపం సరుకని ఒక్క మాటతో తీసిపారేస్తారు. ఆ మాట చాలా మటుకు నిజమే. అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని నేను చదివిన నవలల్లో “వేలిముద్రలు సరిపోయాయి” అన్న ఒక్క వాక్యంతో నేరం రుజువైపోయేది. ఆ ముద్రను ఎవరు చూశారు, ఎట్లా పోల్చారు, పొరపాటు పడితే ఎవరి మెడకు ఉరి? ఆ రచయితలు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈ ప్రశ్నలతోనే డిటెక్టివ్ నవలా రచన ప్రారంభించినవాడు ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ (1862–1943). ఇంగ్లీషు డాక్టరు. ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో వలస ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి, జబ్బుపడి తిరిగొచ్చాడు. ఆయన సృష్టించిన థార్న్‌డైక్ వైద్యుడూ, న్యాయవాదీ కూడా. షెర్లాక్ హోమ్స్ మాదిరిగా ఒక్క చూపుతో మనల్ని మెరిపించడు. కొలుస్తాడు, తూస్తాడు, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తాడు. ఆ పరీక్షల్ని ఫ్రీమన్ ముందు తానే చేసి చూసుకుని, తరవాత కథలో పెట్టేవాడు.

1912లో వచ్చిన ‘ది సింగింగ్ బోన్’ సంపుటిలో ఆస్కార్ బ్రాడ్‌స్కీ కథ ఉంది. వజ్రాల వర్తకుడు బ్రాడ్‌స్కీ రైలు స్టేషనుకు దారి అడుగుతూ సైలాస్ హిక్లర్ అనే దొంగ గుమ్మం తొక్కుతాడు. హిక్లర్ అతన్ని చంపి, శవాన్ని పట్టాల మీద పడుకోబెడతాడు. రైలు కింద పడి చచ్చాడని లోకం అనుకోవాలి. ఇదంతా మొదటి సగంలోనే మన కళ్లముందు జరిగిపోతుంది. హంతకుడెవరన్న రహస్యాన్ని రచయిత తన చేతులతో తానే పారేసుకున్నాడు! అయినా రెండో సగం చదవకుండా పుస్తకం కింద పెట్టలేం.

శవం పళ్ల సందున రంగు పోగులు దొరుకుతాయి. అవి గుడ్డతో నోరు నొక్కిన గుర్తులు. తల తెగినచోట ఉండవలసినంత రక్తం లేదు. అంటే రైలు వచ్చేసరికే అతను చచ్చిపోయి ఉన్నాడు. పట్టాల పక్కన పగిలిన కళ్లజోడు పెంకుల్ని థార్న్‌డైక్ ఓపికగా ఏరి, అద్దాల ఆకారంలో పేరుస్తాడు. అద్దాలు పూర్తయ్యాక కూడా కొన్ని పెంకులు మిగిలిపోతాయి. అవి కళ్లజోడువి కావు, గాజు గ్లాసువి! గదిలో ఊడ్చి తెచ్చి పట్టాల మీద చల్లేటప్పుడు హంతకుడు రెండింటినీ కలిపేశాడు. ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఉత్కంఠ ఏ తుపాకీ పోరాటం చదివినా కలగలేదు. ‘ఎవరు’ అన్న కుతూహలాన్ని తీసేసి ‘ఎట్లా తెలిసింది’ అన్న కుతూహలాన్ని నిలబెట్టడం శిల్పంలో పెద్ద మార్పు. ముగింపును మొదటే చెప్పేసి కథ నడపడానికి జంకే మన కథకులు ఈ కథను ఒకసారి విప్పి చూసుకోవాలి.

ఆయన థార్న్‌డైక్ నవలల్లో మొదటిది ‘ది రెడ్ థంబ్ మార్క్’ (1907). ఇనప్పెట్టెలోంచి వజ్రాలు పోతాయి. లోపల నెత్తుటి బొటనవేలి ముద్ర. అది రూబెన్ అనే యువకుడిది. నిపుణుల మాట ప్రకారం ఇక వాదనే లేదు. థార్న్‌డైక్ మాత్రం ముద్ర నిజమైనంత మాత్రాన వేలు అక్కడికి వచ్చినట్టు కాదంటాడు. నకలు ముద్రలు తయారుచేయించి కోర్టులో నిపుణుడి ముందు పెడితే, అసలేదో నకలేదో ఆయన తేల్చలేకపోతాడు.

ఈ నవల వచ్చిన కాలాన్ని గమనించాలి. వేలిముద్రల ఆధారంతో ఇంగ్లండులో హత్యానేరం రుజువై స్ట్రాటన్ సోదరులకు ఉరి పడింది 1905లో. ఆ శాస్త్రం పెరిగింది మన బెంగాల్లో. 1858లో హెర్షెల్ అనే అధికారి, కంట్రాక్టు కాగితం మీద కోనాయ్ అనే బెంగాలీ చేత అరచేతి ముద్ర వేయించాడు. పాలితుల మాట మీద పాలకులకున్న అపనమ్మకం నుంచి పుట్టిన పద్ధతి అది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్రల్ని 1024 గళ్లుగా వర్గీకరించే లెక్కను తయారుచేయడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల పని ఎంతో ఉంది. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి దక్కింది.

ఫ్రీమన్ అనుమానం పాతబడలేదు. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల తరవాత, అమెరికా ఎఫ్‌బీఐ ఒక ముద్రను ఒరెగాన్ న్యాయవాదిదని తేల్చి ఆయన్ని నిర్బంధించింది. ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్థుడిదని స్పెయిన్ పోలీసులు గుర్తించాక తప్పు ఒప్పుకుంది.

మరి ఇంతటి హేతువాది మనిషిని ఎట్లా చూశాడు? ఇక్కడే నాకు ఫ్రీమన్‌తో పేచీ. 1921లో ఆయన ‘సోషల్ డికే అండ్ రీజనరేషన్’ అనే పుస్తకం రాశాడు. యంత్రాల వల్ల సమాజం కుళ్లిపోయిందనీ, అధములు పెరిగిపోతున్నారనీ, మేలైన వాళ్లు విడిగా బతకాలనీ అందులో వాదించాడు. శుద్ధమైన సుప్రజనన వాదం. గాజు పెంకు దగ్గర అన్ని ప్రశ్నలు వేసిన మనిషి, పేదవాడి దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్నా వేయకుండా తీర్పు చెప్పేశాడు. హిక్లర్ దొంగ ఎందుకయ్యాడన్నది ఆయనకు పట్టలేదు.

పోల్టన్ విషయం కూడా చెప్పాలి. థార్న్‌డైక్ ప్రయోగశాలలో పరికరాలు చేసేదీ, ఫొటోలు తీసేదీ ఈ పనివాడే. కేసు గెలిచిన కీర్తి మాత్రం డాక్టరుది. కలకత్తా బ్యూరోలో జరిగినట్టే. అయితే 1940లో, దాదాపు ఎనభయ్యో పడిలో అడుగుపెడుతూ, ఫ్రీమన్ ‘మిస్టర్ పోల్టన్ ఎక్స్‌ప్లెయిన్స్’ అనే నవల రాశాడు. అందులో మొదటి భాగం పోల్టన్ తన బతుకు తానే చెప్పుకోవడం. థార్న్‌డైక్ దగ్గరికి చేరకముందు అనుభవించిన పేదరికం, గడియారాల పని, చేతి నైపుణ్యం అన్నీ అతని నోటి నుంచే వింటాం.