ఇంటి చెంత విషసర్పము

కోనసీమలో పెద్దపులులకు నెలవైన అడవులు లేవు. అయినను, ప్రాణము తీయగల వన్యజీవి యొకటి మన దొడ్డిలోనే మసలుచుండును. అది పాము.

గౌతమీ వశిష్ఠల నడుమ గల ఈ సీమలో వరిచేను ఇంటిగోడ దాక వచ్చును. ధాన్యము కొరకు ఎలుకయు, ఎలుక కొరకు పామును చేరును. కొబ్బరి డొక్కల గుట్ట, గడ్డివాము, కట్టెల పోగు వానికి దాగుచోట్లు. గోదావరి పొంగినపుడు కన్నములు మునిగి, పాములును మనుష్యులవలెనే మెరక వెదకుకొనును. 2022 జూలైలో ధవళేశ్వరము దాటి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి లంకలు మునిగినవి. అట్టి దినములలో మిక్కిలి మెలకువ అవసరము.

పాములన్నియు విషము కలవి కావు. నీరుకట్టె, జెర్రిపోతు విషములేనివి. జెర్రిపోతు ఎలుకలను తిని రైతునకు మేలే చేయును. భయపడవలసినవి ముఖ్యముగా త్రాచు, రక్తపింజరి, కట్లపాము. త్రాచు పడగ విప్పును. పింజరి బిగ్గరగా బుసకొట్టును. కట్లపాము మాత్రము రాత్రివేళ నేలపై నిద్రించువారిని చప్పుడు లేక కరచును. నొప్పి యుండకపోవచ్చును, గాటు కనబడకపోవచ్చును. వేకువను బిడ్డ కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలి, మాట తడబడినచో పాముకాటని అనుమానింపవలెను.

పాము కనబడినపుడు దానిని కొట్టబోక, నెమ్మదిగా వెనుకకు తొలగవలెను. కరచినచో ఉంగరములు, కడియములు తీసివేసి, కాటుపడిన అవయవమును కదలనీయక, రోగిని నడిపింపక ఆసుపత్రికి చేర్చవలెను. త్రాడు బిగించుట, గాయము కోయుట, నోటితో పీల్చుట కూడదు. పామును పట్టి తేనక్కరలేదు. మన దేశమున వాడు విరుగుడుమందు త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికిని ఒక్కటే. గుర్రములకు విషమును స్వల్పముగా ఎక్కించి, వాని రక్తమునుండి దీనిని తయారుచేయుదురు. ఆసుపత్రిలో రోగి రక్తమును గాజుగొట్టములో 20 నిమిషములు కదల్పక యుంచి, గడ్డకట్టనిచో పింజరి విషము పనిచేయుచున్నదని గ్రహింతురు.

2000 మొదలు 2019 వరకు మన దేశములో పాముకాటుచే ఏటా సగటున 58,000 మంది మరణించిరని పరిశోధకుల అంచనా. వారిలో అధికులు ఆసుపత్రి వెలుపలనే కన్నుమూసిరి. మందు లేక కాదు, మంత్రములకును పసరులకును కాలము గడచిపోయి ఎందరో ప్రాణములు కోల్పోవుచున్నారు.

నాగులచవితినాడు పుట్టకు మ్రొక్కు మనము, తక్కిన దినములలోను పామునకు దూరమునుండియే నమస్కరింతము. డొక్కల గుట్టను ఇంటికి దూరముగా వేయుడు. మంచముపై, దోమతెర లోపల పరుండుడు. చీకటిలో దీపము లేక దొడ్డిలోనికి అడుగు పెట్టకుడు.